కణంలోని లాకులు: ఒక లస్కరు కొడుకు తెలుసుకున్న చరిత్ర

నేను వైద్యుణ్ణి కాను. జీవశాస్త్రం చదువుకున్నవాణ్ణి అంతకన్నా కాను. భాషాప్రవీణ పూర్తిచేసి, పండిత శిక్షణ పొంది, కృష్ణా జిల్లాలోని ఉన్నత పాఠశాలలలో ముప్పై ఏళ్ళకు పైగా సంధులు, సమాసాలు, ఛందస్సు బోధించి విరమించిన తెలుగు పంతులును. అటువంటివాడు 'చిన్న జీటీపీయేజులు' అనే నోరు తిరగని పేరుగల మాంసకృత్తుల చరిత్ర వ్రాయబూనడం సాహసమే. ఈ సాహసానికి కారణం మా తమ్ముడు.

2021లో వాడికి పెద్దప్రేగులో క్యాన్సరు కనబడింది. శస్త్రచికిత్స జరిగిన తరువాత కణితి ముక్కను పరీక్షకు పంపారు. వచ్చిన కాగితంలో 'కేరాస్, జీ12వీ' అని ఒక పంక్తి ఉన్నది. వైద్యుడు ఆ పంక్తి చూసి, "ఈ మార్పు ఉన్నది గనుక ఫలానా ఇంజెక్షను మీకు పనిచేయదు, మిగిలిన మందులతోనే నడపాలి" అన్నాడు. ఇంటికి వచ్చిన తరువాత తమ్ముడు ఆ కాగితం నా చేతికిచ్చి, "అన్నయ్యా, ఒక్క అక్షరం మారిందట. దానికే మందు పనిచెయ్యదట. పిల్లల పద్యాల్లో అక్షరాలు దిద్దినవాడివి గదా, ఇదేమిటో కనుక్కో" అన్నాడు.

నా దగ్గర పదవ తరగతి చదివి, ఇప్పుడు జీవరసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఒక శిష్యుణ్ణి ఆశ్రయించాను. అతడు ఎన్నో సాయంకాలాలు ఫోనులో ఓపికగా చెప్పాడు. "మాస్టారూ, ఇది మీకు తెలిసిన విషయమే. మీ నాన్నగారు లస్కరు గదా! కణంలో కూడా లాకులుంటాయి, లస్కర్లుంటారు" అని అతడు మొదలుపెట్టిన మాటే నాకు దారి చూపింది.

మా నాన్నగారు బందరు కాలువ మీద లస్కరు. డెల్టాలో పుట్టినవారికి ఆ మాట వివరించనక్కరలేదు. 1852లో మొదలై 1855లో ముగిసిన ఆనకట్ట నిర్మాణాన్ని కెప్టెన్ ఛార్లెస్ ఓర్ నడిపించాడు. అది శతాబ్దం పాటు నిలిచి, 1952లో కొంత తెగిపోగా, దాని స్థానంలో 1957లో డెబ్బై గేట్లతో ప్రకాశం బ్యారేజి వచ్చింది. బెజవాడ నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ తూర్పు డెల్టాకు నీరు మోసుకుపోతాయి. రెండు గట్లనూ కలిపి చూస్తే పదమూడు లక్షల ఎకరాల మాగాణి ఈ నీటి మీద బ్రతుకుతున్నది. బ్యారేజి పేరు అందరికీ తెలుసు. ఎప్పుడు ఏ తూము తలుపు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసే లస్కరు పేరు ఎవరికీ తెలియదు. "తలుపు ఎత్తడానికి బలం చాలురా, వేళకు దించడానికి బుద్ధి కావాలి" అనేవారు మా నాన్నగారు. ఎత్తడం మరచిపోతే చేను ఎండుతుంది. దించడం మరచిపోతే ఊరు మునుగుతుంది.

మన శరీరంలోని ప్రతి కణంలోనూ ఇటువంటి తలుపులు ఉన్నాయి. అవే చిన్న జీటీపీయేజులు. మనిషిలో నూట యాభైకి పైగా ఉన్న ఈ మాంసకృత్తులను రాస్, రో, రాబ్, ఆర్ఫ్, రాన్ అని ఐదు ముఖ్య కుటుంబాలుగా విభజించారు. కణం పెరగాలా వద్దా అనే కబురు మోసేది రాస్. కణం ఆకారాన్ని, కదలికను నడిపేది రో. సరుకుల సంచులను గమ్యం చేర్చేవి రాబ్, ఆర్ఫ్. కేంద్రకంలోనికీ బయటకూ రాకపోకలు చూసేది రాన్. వీటన్నిటి పని తీరు ఒక్కటే. జీటీపీ అనే చిన్న అణువు పట్టుకొని ఉన్నప్పుడు తలుపు తెరిచి ఉంటుంది. జీటీపీకి మూడు ఫాస్ఫేటులు. అందులో చివరిది తెగిపోతే మిగిలేది జీడీపీ; అప్పుడు తలుపు మూతపడుతుంది.

ఫాస్ఫేటు అనగానే తెలుగువాడికి ఒక పేరు స్ఫురించాలి. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరసును కొలిచే పద్ధతిని కనిపెట్టారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది దశాబ్దాల తరబడి ప్రపంచంలోని ప్రయోగశాలలలో వాడుకలో ఉన్నది. ఆ కొలతతోనే వారు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నాడు. జీటీపీ ఆ ఏటీపీకి తోబుట్టువు. ఏటీపీ ముఖ్యంగా కణానికి శక్తినిచ్చే నాణెం. జీటీపీ ఈ తలుపుల దగ్గర అనుమతి చీటీ.

ఇక రాస్ కథ. 1964లో జెన్నిఫర్ హార్వే అనే పరిశోధకురాలు ఎలుకల నుంచి వచ్చిన ఒక వైరసు చుంచులలో కణితులు పుట్టిస్తున్నదని గుర్తించింది. 1967లో కిర్‌స్టెన్, మేయర్ అటువంటిదే మరొక వైరసును వర్ణించారు. ఎలుక, సార్కోమా అనే రెండు ఆంగ్ల పదాల మొదటి అక్షరాలు కలిసి 'రాస్' అయింది. మా తమ్ముడి కాగితంలోని కేరాస్‌లో మొదటి అక్షరం కిర్‌స్టెన్‌ది. 1979లో ఎడ్వర్డ్ స్కాల్నిక్ బృందం ఆ వైరసుల మాంసకృత్తు గ్వానీన్ అణువులను, అంటే జీటీపీ, జీడీపీలను పట్టుకుంటుందని చూపింది. అది తలుపు వంటిదని తెలియడానికి అదే తొలిమెట్టు.

తరువాతి మెట్టు దగ్గర మరొక తెలుగువాడు నిలిచి ఉన్నాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది అమెరికా వెళ్ళిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి గారు 1982లో అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థలో పనిచేస్తున్నారు. మూత్రాశయ క్యాన్సరు నుంచి వచ్చిన టీ24 అనే కణాలలోని రాస్ జన్యువు ఆరోగ్యవంతమైన కణాలను కూడా క్యాన్సరు కణాలుగా మార్చగలదని అప్పటికే తెలిసింది. ఆరోగ్యవంతుడి రాస్‌కూ, ఈ రాస్‌కూ తేడా ఏమిటన్నది ప్రశ్న. ప్రేమ్‌కుమార్ రెడ్డి గారు మొదటి రచయితగా, మరియానో బార్బాసిడ్ బృందం 1982 నవంబరులో 'నేచర్' పత్రికలో సమాధానం ప్రకటించింది. తేడా ఒక్క అక్షరం. జన్యువులో జీజీసీ అని ఉండవలసిన చోట జీటీసీ అని ఉన్నది. దానివల్ల మాంసకృత్తులో పన్నెండవ స్థానంలో గ్లైసీన్‌కు బదులు వేలీన్ వచ్చి కూర్చున్నది. రాబర్ట్ వైన్‌బర్గ్, మైఖేల్ విగ్లర్ బృందాలు కూడా ఆ కొద్ది వారాలలోనే ఇదే ఫలితాన్ని ప్రకటించాయి. మానవుడి క్యాన్సరుకు సంబంధించి ఒక జన్యువులో ఇటువంటి ఒక్క అక్షరపు మార్పును మనిషి చదవడం అదే మొదటిసారి.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జీ అంటే గ్లైసీన్, పన్నెండు అంటే స్థానం, వీ అంటే వేలీన్. జన్యువు రాస్ కుటుంబంలోని మరొక సోదరుడిదే అయినా, మా తమ్ముడి కాగితంలో ఉన్నది సరిగ్గా ఇదే మార్పు. నలభై ఏళ్ళ క్రితం ఒక తెలుగువాడు సముద్రాల అవతల కూర్చుని చదివిన తప్పు, మా ఇంట్లో వచ్చి కూర్చున్నది.

అయితే పన్నెండవ స్థానంలో అక్షరం మారితే తలుపు ఎందుకు మూతపడదు? 1984లో కొన్ని బృందాలు, మారిన రాస్ జీటీపీని త్రుంచడంలో మందకొడిగా ఉన్నదని చూపాయి. కానీ పరీక్షనాళికలో చూస్తే మంచి రాస్ కూడా ఏమంత చురుకైనది కాదు. దాన్ని దాని మానానికి వదిలితే ఒక జీటీపీని త్రుంచడానికి పదుల నిమిషాలు తీసుకుంటుంది. మంచిదానికీ చెడ్డదానికీ పరీక్షనాళికలో ఉన్న తేడా, శరీరంలో జరిగే అనర్థానికి సరిపోయేంత పెద్దది కాదు.

ఈ చిక్కుముడిని 1987లో కాలిఫోర్నియాలోని సీటస్ అనే సంస్థలో పనిచేస్తున్న ట్రేహీ, ఫ్రాంక్ మెక్‌కార్మిక్ విప్పారు. వారు మంచి రాస్‌ను, మారిన రాస్‌ను కప్ప అండకణాలలోనికి సూదితో ఎక్కించారు. కణం లోపలికి వెళ్ళగానే మంచి రాస్ చకచకా జీటీపీని త్రుంచి మూతపడింది. మారినది తెరుచుకొనే ఉన్నది. అంటే కణంలో మరెవరో ఉన్నారు. తలుపును దించే మనిషి ఉన్నాడు. ఆ మాంసకృత్తుకు 'గ్యాప్' అని పేరు పెట్టారు. జీటీపీయేజ్‌ను పురికొల్పేది అని దాని అర్థం. నేను దాన్ని దించే లస్కరు అంటాను. అతడు వచ్చి చేయి వేస్తే తలుపు దిగే వేగం లక్ష రెట్లు పెరుగుతుంది.

ఇక ఎత్తే లస్కరు వేరు. అతడి పేరు 'జెఫ్'. అతడి చరిత్ర ఈగ కంటిలో దొరికింది. పండ్ల ఈగ కంటిలోని ప్రతి చిన్న గదిలోనూ ఎనిమిది కాంతి కణాలుంటాయి. ఒక జన్యువు చెడితే ఏడవ కణం పుట్టదు. దానికి 'సెవెన్‌లెస్', అనగా 'ఏడవది లేనిది' అని పేరు. ఆ కబురును ముందుకు మోసే మరొక జన్యువుకు 'సన్ ఆఫ్ సెవెన్‌లెస్', 'ఏడవది లేనిదాని కొడుకు' అని పేరు పెట్టారు. శాస్త్రజ్ఞులకు కూడా తద్ధితాలతో ఆడుకొనే సరదా ఉన్నదని నాకు సంతోషం కలిగింది. ముద్దుగా 'సాస్' అనే ఈ మాంసకృత్తు రాస్‌ను తెరిచేదని 1991లో జెరాల్డ్ రూబిన్ బృందం ఈగలలో సూచించింది.

ఈ లస్కర్లు తలుపును ఎలా గుర్తుపడతారు? రాస్ దేహంలో రెండు మెత్తని భాగాలున్నాయి. జీటీపీ ఉన్నప్పుడు దాని మూడవ ఫాస్ఫేటును ఆ రెండూ పట్టుకొని బిగిసి ఉంటాయి. అది తెగిపోగానే సడలిపోతాయి. 1980ల చివరి సంవత్సరాలలో స్ఫటికాల చిత్రాలు తీసి ఈ రెండు భంగిమలనూ చూశారు. గ్యాప్ గుర్తించేది ఆ బిగిసిన భంగిమనే. మూతపడిన తలుపు దగ్గర అది కాలయాపన చేయదు. 1997లో జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో ఆల్‌ఫ్రెడ్ విట్టింగ్‌హోఫర్ బృందం రాస్, గ్యాప్ కలిసి ఉన్న చిత్రాన్ని ప్రకటించింది. గ్యాప్ తన దేహంలోని ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాన్ని చాచి రాస్ గర్భంలో పెడుతుంది. దాన్ని వాళ్ళు 'ఆర్జినీన్ వేలు' అన్నారు. ఆ వేలు తగిలితేనే మూడవ ఫాస్ఫేటు తేలికగా తెగుతుంది. ఆ వేలు పట్టే చోటికి ఆనుకొనే పన్నెండవ స్థానం ఉన్నది. గ్లైసీన్ అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నది. దానికి పక్కకు పొడుచుకువచ్చే కొమ్మ లేదు. అక్కడ వేలీన్ వస్తే దాని కొమ్మ అడ్డుపడుతుంది. లస్కరు వస్తాడు, చేయి కూడా వేస్తాడు. వేలు మాత్రం సరిగ్గా పట్టదు.

సాస్ సంగతి 1998లో జాన్ కురియన్ తదితరుల చిత్రంలో తేటపడింది. సాస్ తన దేహంలోని ఒక చుట్టను రాస్‌లోనికి చొప్పించి, లోపలున్న జీడీపీని వదులుచేసి బయటకు తోసేస్తుంది. జీటీపీని తెచ్చి పెట్టేది అది కాదు. చోటు ఖాళీ చేస్తుంది, అంతే. కణంలో జీడీపీ కంటే జీటీపీ సుమారు పది రెట్లు ఎక్కువ గనుక ఖాళీ అయిన చోటికి వచ్చేది జీటీపీయే. కాలువ నిండుగా ఉన్నప్పుడు తలుపు లేపితే చాలు, నీరు తానే వస్తుంది గదా!

మూడవ కాపరి కూడా ఉన్నాడు. రో, రాబ్ కుటుంబాల తలుపులను కణత్వచం నుంచి ఊడదీసి, వాటి కొవ్వు తోకను తనలో దాచుకొని, పని పడేదాకా పక్కన పెట్టే మాంసకృత్తులను జపానులోని కోబెలో యొషిమి తకాయ్ బృందం 1990 ప్రాంతంలో వెలికితీసింది. వాటిని 'జీడీఐ'లు అంటారు. వాడని తలుపులను గోదాములో భద్రపరచే మనిషి అనుకోండి.

లస్కరే లేకపోతే ఏమవుతుందో కూడా 1990లోనే తెలిసింది. ఒంటినిండా నరాల మీద గడ్డలు లేచే న్యూరోఫైబ్రోమటోసిస్ అనే జబ్బుకు మూలమైన జన్యువును ఆ సంవత్సరం కనుగొన్నారు. ఆ జన్యువు తయారుచేసే మాంసకృత్తు రాస్‌ను మూసే గ్యాప్‌యే. అక్కడ తలుపు మంచిదే. దించే మనిషి లేడు. మా తమ్ముడి విషయంలో మనిషి ఉన్నాడు. తలుపు మాట వినదు. రెండు చోట్లా ప్రవాహం ఆగదు.

ఇక్కడ మా డెల్టావారికి పరిచయమైన మరొక జబ్బును చెప్పక తప్పదు. 1968 కృష్ణా పుష్కరాలకు బెజవాడ వెళ్ళేముందు మా నాన్నగారు మా ఇద్దరికీ కలరా సూది వేయించారు. తమ్ముడు ఊరంతా వినబడేటట్లు ఏడ్చాడు. కలరా క్రిమి విషం వల్లనే ప్రేగులోనికి నీరు పొర్లిపోతుందని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే నిరూపించారు. ఆ విషం ప్రేగు కణాలలో చేసే పని, రాస్ కంటే పెద్దదైన మరొక జీటీపీ తలుపును తెరిచినది తెరిచినట్టే బిగించివేయడం. ఆ పెద్ద తలుపులకు ఆర్జినీన్ వేలు సొంతంగానే ఉంటుంది. రాస్ వలె అరువు తెచ్చుకోనక్కరలేదు. కలరా విషం సరిగ్గా ఆ ఆర్జినీన్‌కే మరొక అణువును అంటగట్టి పనికిరాకుండా చేస్తుంది. పెద్ద తలుపుల చరిత్రకు గాను గిల్మన్, రాడ్‌బెల్‌లకు 1994లో నోబెల్ బహుమతి వచ్చింది. కలరా కొన్ని గంటలలో మనిషిని తీసుకుపోయేది. క్యాన్సరు ఏళ్ళు తీసుకుంటుంది. లోపం మాత్రం ఒక్కటే: మూతపడకపోవడం.

ఇప్పుడు వైద్యుడి మాటకు అర్థం తెలిసింది. ఆయన చెప్పిన ఇంజెక్షను కణం పైపొర మీద ఉండి, 'పెరుగు' అనే కబురును లోపలికి రాకుండా అడ్డుకుంటుంది. ఆ కబురు అందితేనే సాస్ వచ్చి రాస్ తలుపు ఎత్తాలి. తలుపే తెరిచి ఇరుక్కుపోయిన తరువాత పైనుంచి వచ్చే కబురును ఆపి ప్రయోజనమేమి? ఈ సంగతి 2009 నాటికే స్థిరపడి, కేరాస్ పరీక్ష చూసిన తరువాతే ఆ మందు ఇవ్వాలన్న నియమం వచ్చింది. పెద్దప్రేగు క్యాన్సర్లలో దాదాపు నలభై శాతం మందికి ఈ జన్యువులో మార్పు ఉంటుంది. పనిచేయని మందుకు ఇల్లు, పొలం అమ్ముకోకుండా కాపాడింది కూడా ఆ ఒక్క పంక్తే.

ముప్పై ఏళ్ళ పాటు రాస్‌ను మందుకు లొంగనిదన్నారు. 2013లో కెవన్ షోకట్ బృందం, పన్నెండవ స్థానంలో సిస్టీన్ వచ్చిన రాస్‌కు ఒక చిన్న గుంట ఉన్నదని, దానిలో మందును అతికించవచ్చునని చూపింది. ఆ రకపు తలుపు అప్పుడప్పుడు తనంత తానే మూతపడుతుంది. ఆ క్షణం కోసం కాచుకొని, మూతపడినప్పుడే మందు దాన్ని బిగిస్తుంది. 2021 మే నెలలో సోటొరాసిబ్ అనే అటువంటి మొదటి మందును అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సరుకు అనుమతించారు. నేను ఆశతో శిష్యుణ్ణి అడిగాను. అతడు కొంచెంసేపు మాట్లాడలేదు. "మాస్టారూ, అది జీ12సీ. బాబాయిగారిది జీ12వీ. ఆ మందు పట్టుకొనేది సిస్టీన్‌నే" అన్నాడు. ఒక్క అక్షరం.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. మా ఊరి లాకు దగ్గర అరుగు మీద కూర్చుని చెప్పాను. అప్పటికే బంధువులు తలొక మాట అన్నారు. తిండి మంచిది కాదన్నారు, పూర్వజన్మ పాపమన్నారు, వంశంలో ఏదో ఉన్నదన్నారు. వాడు అన్నీ విని ఊరుకున్నాడు గాని లోపల నలిగిపోయాడని నాకు తెలుసు. "ఈ అక్షరం అమ్మానాన్నల నుంచి వచ్చినది కాదురా. నీ పిల్లలకు పోయేదీ కాదు. ఎక్కడో ఒక్క కణంలో, వ్రాతలో జరిగిన పొరపాటు. లస్కరు డ్యూటీలోనే ఉన్నాడు, తలుపుకే వేలు పట్టడం లేదు" అన్నాను.

వాడు చాలాసేపు నీళ్ళ వంక చూశాడు. "అయితే నాన్న తప్పు ఏమీ లేదన్నమాట" అని నవ్వాడు. ఆ జబ్బు మొదలైన తరువాత వాడు అలా నవ్వడం నేను చూడలేదు.

2023 వేసవిలో, కాలువ కట్టేసిన రోజులలో, తమ్ముడు వెళ్ళిపోయాడు. ఈ చరిత్ర వాణ్ణి బ్రతికించలేదు. కాని వాడి మీద మోపిన నిందను దించింది. 1964 నాటి ఎలుకలు మొదలుకొని కప్ప అండాలు, ఈగ కళ్ళు, స్ఫటికాల దాకా ఇంతమంది ఇన్ని దేశాలలో కూర్చుని ఒక్క తలుపు గురించి ఇంత శ్రద్ధ చూపకపోతే, మా ఇంట్లో మేము ఇప్పటికీ పాపపుణ్యాలే లెక్కపెట్టుకుంటూ ఉండేవాళ్ళం. నా శిష్యుడి వంటి పిల్లలు వేలీన్ మీద కూడా పనిచేస్తున్నారట. మొన్న జూనులో కాలువకు నీళ్ళు వదిలినప్పుడు లాకు దగ్గరకు వెళ్ళి, కొత్త లస్కరు తలుపు ఎత్తి, సాయంత్రం మళ్ళీ దించేదాకా నిలబడి చూసి ఇంటికి వచ్చాను.